వరాలు ఆగిపోయాయా? యాకోబు 5:14, సంఘ సంప్రదాయం, నేటి స్వస్థతలు

నిత్యపాఠకుడు
అందరికీ వందనాలు. ఈ విషయంలో రెండు మాటలు పదే పదే వినబడతాయి. స్వస్థతలు అపొస్తలులతోనే ఆగిపోయాయి, సంఘ చరిత్రంతా అదే చెబుతోంది అనేది ఒకటి. సంప్రదాయం పేరుతో చల్లారిపోయిన సంఘాలే స్వస్థత వంటి ఆత్మ వరాలను అణచేశాయి, 1906లో లాస్ ఏంజలిస్‌లో పెంతెకొస్తు ఉద్యమానికి ఊపిరిపోసిన అజూసా వీధి ఉజ్జీవంతో అవి మళ్లీ మొదలయ్యాయి అనేది రెండోది. తమాషా ఏమిటంటే ఇద్దరూ ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీన్‌నే (4-5 శతాబ్దాలు) సాక్షిగా పిలుస్తారు.

నా ప్రశ్నలు మూడు. పితరులు, అంటే తొలి శతాబ్దాల సంఘ రచయితలు, అసలు ఏం రాశారు? రోగి సంఘ పెద్దలను పిలిపించాలి, వారు ప్రభువు నామమున నూనె రాచి ప్రార్థన చేయాలి అనే యాకోబు 5:14ను ఇవాళ పాటించాలంటే ఎవరు, ఎలా చేయాలి? ఎవరైనా స్వస్థత పొందానంటే సంఘం దాన్ని ఎలా తేల్చుకోవాలి? సొంత సాక్ష్యాలు పక్కన పెట్టి ఆధారాలతో రాయండి.

బెరయ_మార్గం
వరాలు ఆగిపోయాయనే మా వాదన ఏమిటో ముందు సరిగ్గా చెప్పనివ్వండి. చాలామంది దాన్ని వక్రీకరించి కొట్టేస్తారు. దేవుడు ఇప్పుడు స్వస్థపరచడు అని మేము అనం. ప్రెస్బిటేరియన్ సంఘాలు పాటించే 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం అయిదో అధ్యాయంలోనే ఉంది: దేవుడు సాధనాల ద్వారా పనిచేస్తాడు, అవి లేకుండానూ వాటికి మించీ పనిచేసే స్వేచ్ఛ ఆయనకుంది. మేము కాదనేది ఒక వ్యక్తి చేతికి స్థిరంగా ఉండే స్వస్థత వరాన్ని. పేతురు శృంగారమను దేవాలయ ద్వారం దగ్గర కుంటివాణ్ని లేవమన్నట్టు, "లే" అనగానే లేచేంత అధికారాన్ని.

ఈ వాదనకు పూర్తి రూపం ఇచ్చినవాడు అమెరికా ప్రెస్బిటేరియన్ పండితుడు బి.బి. వార్‌ఫీల్డ్. 1918లో అచ్చయిన ఉపన్యాసాల్లో ఆయన చెప్పింది: సూచక క్రియలు అపొస్తలుల ఆధారపత్రాలు (2 కొరింథీ 12:12, హెబ్రీ 2:3-4). అపొస్తలులు చేతులుంచినవారికే అవి అందాయి. సమరయలో ఫిలిప్పు అద్భుతాలు చేశాడు గానీ వాటిని ఇంకొకరికి అందించలేకపోయాడు, పేతురు యోహానులు రావలసి వచ్చింది. అలా చేతులుంచబడినవారి తరం ముగిశాక వరమూ ముగిసింది.

లేఖనంలోనే ఆ తగ్గుదల కనబడుతుంది. పౌలు సహచరుడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావుదాకా వెళ్లాడు (ఫిలిప్పీ 2:27). తిమోతి కడుపు జబ్బుకు పౌలు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకొమ్మన్నాడు. మరో సహచరుడు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). ఒకప్పుడు చేతి గుడ్డలు తాకించినా రోగాలు పోయిన పౌలు సంగతి ఇది!

మేడగది
బ్రదర్, వార్‌ఫీల్డ్ కట్టిన గోడకు అపొస్తలుల కార్యములు 9లోనే కన్నం ఉంది. దమస్కులో సౌలు మీద చేతులుంచినవాడు అననీయ. సౌలుకు చూపు వచ్చింది. అననీయ మీద ఏ అపొస్తలుడు చేతులుంచాడు? వాక్యంలో లేదు. గలతీ 3:5లో వాళ్ల మధ్య అద్భుతాలు "చేయించువాడు" అని వర్తమానంలోనే ఉంది. 1 కొరింథీ 12:9లో స్వస్థత వరాలు మామూలు సంఘ సభ్యులకు ఇచ్చిన జాబితాలో ఉన్నాయి, అపొస్తలులకు ప్రత్యేకించిన జాబితాలో కాదు.

త్రోఫిము సంగతికి వస్తే, అది "ఆగిపోయింది" అనడానికి రుజువు కాదు. వరం ఉన్నా ప్రతి రోగీ లేవడని మాత్రమే అది చూపిస్తుంది. బేతెస్ద కోనేటి దగ్గర గుంపులుగా రోగులున్నా యేసు ఒక్కణ్నే లేపాడు.

బెరయ_మార్గం
అననీయది ఒక్కసారికి ప్రత్యేక దర్శనంతో అందిన ఆజ్ఞ, స్థిరమైన వరం కాదు. అయినా వార్‌ఫీల్డ్ వాదనలో అది బలహీనమైన చోటే, కాదనను. పూర్ణమైనది వచ్చినప్పుడు వరాలు నిలిచిపోతాయనే 1 కొరింథీ 13:10లోని "పూర్ణమైనది" అంటే బైబిలు పూర్తవడమే అని కొందరు వాదిస్తారు చూడండి, దానికంటే వార్‌ఫీల్డ్ వాదన చాలా గట్టిది. ఆ వాక్యాన్ని మా వైపు చాలామంది పండితులు ఎప్పుడో వదిలేశారు. వార్‌ఫీల్డ్ కూడా దాని మీద ఆధారపడలేదు.

పాత_గంట
అగస్టీన్ గురించి అడిగారు కదా, వరుసగా చూద్దాం. తేదీలు కలిపేయడం వల్లే ఈ గొడవంతా.

సుమారు 390లో, 'నిజమైన మతం గురించి' అనే రచనలో, అద్భుతాలు మన కాలం దాకా కొనసాగనివ్వలేదని రాశాడు. మనస్సు ఎప్పుడూ కంటికి కనబడేవాటినే వెతుక్కోకూడదని కారణం కూడా చెప్పాడు. ఆగిపోయాయనేవారు ఈ ముక్కే చూపిస్తారు. అయితే జీవితం చివర్లో తన పుస్తకాలన్నీ తానే సరిచూసుకుంటూ రాసిన గ్రంథంలో ఈ వాక్యం దగ్గర ఆగి వివరణ ఇచ్చాడు: అపొస్తలుల కాలంలోలాగా చేతులుంచగానే అందరికీ జరగడం లేదన్నదే తన ఉద్దేశం, ఇప్పుడు అసలేమీ జరగడం లేదని కాదు, మిలాను పట్టణంలో ఒక గుడ్డివాడికి చూపు రావడం తనకు తెలుసు.

'దైవ నగరం' 22వ గ్రంథం 8వ అధ్యాయం ఇంకా ఆసక్తికరం. హిప్పోలో హతసాక్షి స్తెఫను స్మారక మందిరం ఏర్పడి రెండేళ్లు కూడా నిండకముందే దాదాపు 70 స్వస్థతలకు రాతపూర్వక వాంగ్మూలాలు చేరాయంటాడు. స్వస్థత పొందినవాళ్ల చేతే రాయించి, సంఘంలో చదివించేవాడు. కార్తేజిలో ఇన్నొకెంతియ అనే స్త్రీకి రొమ్ము క్యాన్సర్. వైద్యం చేసినా నయం కాదు, ముట్టుకోకపోవడమే మంచిదని వైద్యుడు చెప్పేశాడు. తర్వాత ఆ వైద్యుడే పరీక్షించి రోగం లేదని చూశాడు. ఆమె ఈ సంగతి దాచుకుని ఊరుకుందని అగస్టీన్‌కు కోపం వచ్చింది.

ముందటి నిర్ధారణ, అదే వైద్యుడు మళ్లీ చూడడం, రాతపూర్వక వాంగ్మూలం. అయిదో శతాబ్దంలోనే ఈ మూడూ ఉన్నాయి.

ఏడు_దీపాలు
పితరులందరూ ఒకే గొంతుతో మాట్లాడలేదు. సుమారు 180లో ఇరేనియస్ తన కాలంలో రోగుల మీద చేతులుంచి బాగుచేసేవాళ్లు ఉన్నారని రాశాడు. క్రిసోస్తం 1 కొరింథీ 12 మీద బోధిస్తూ, ఈ భాగం మనకు అస్పష్టంగా ఉండడానికి కారణం అప్పట్లో జరిగినవి ఇప్పుడు జరగకపోవడమే అన్నాడు. ఇద్దరూ పితరులే. కాబట్టి "సంఘ చరిత్రంతా మా వైపే" అనే హక్కు ఎవరికీ లేదు.

తూర్పు (ఆర్థడాక్స్) సంఘాల్లో మాత్రం ఈ ప్రశ్నే పుట్టలేదు. రోగులకు నూనె పూసే పవిత్ర క్రమం, నూనె సంస్కారం, ఎప్పుడూ ఆగలేదు. పూర్తి క్రమంలో ఏడుగురు యాజకులు, ఏడు పత్రికా పాఠాలు, ఏడు సువార్త పాఠాలు, ఏడు ప్రార్థనలు, ఏడుసార్లు నూనె పూయడం. ఏడుగురు దొరకనప్పుడు ఒక్కరే చేస్తారు. చాలాచోట్ల ఈస్టరు ముందటి శ్రమల వారంలో బుధవారం నాడు సంఘమంతటికీ పూస్తారు. రోగం లేనివాళ్లకు కూడా ఎందుకంటే యాకోబు 5:15 స్వస్థతను, పాపక్షమాపణను ఒకే వాక్యంలో పెట్టింది కాబట్టి. ఇందులో "వరం ఉన్న మనిషి" అవసరమే లేదు. సంఘం ప్రార్థిస్తుంది, అంతే.

నిత్యపాఠకుడు
ఇది బాగుంది. మరి పడమటి (రోమన్ కతోలిక) సంఘంలో నూనె చావు మంచం దగ్గరికి ఎలా చేరింది?

పాత_గంట
మెల్లగా. 416లో పోపు మొదటి ఇన్నొసెంట్, ఇటలీలోని గుబ్బియో మేత్రాణులైన (బిషప్పు) దెకెన్తియస్‌కు రాసిన లేఖ ఉంది. నూనెను మేత్రాణులు ఆశీర్వదించాలి, కానీ తమకు, తమవాళ్లకు అవసరమైనప్పుడు దాన్ని సామాన్య విశ్వాసులూ వాడుకోవచ్చు అని అందులో ఉంది. ఆ రోజుల్లో రోగులు బాగుపడడానికే నూనె. మధ్యయుగంలో అది పశ్చాత్తాప సంస్కారంతో ముడిపడింది. కఠినమైన ప్రాయశ్చిత్తాలకు భయపడి జనం దాన్ని చివరి క్షణం దాకా వాయిదా వేశారు. 12వ శతాబ్దానికల్లా "తుది అభ్యంగనం" అనే పేరు స్థిరపడింది. 1551లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ 14వ సమావేశం దీన్ని దివ్యసంస్కారంగా ధ్రువీకరిస్తూ, యాకోబు చెప్పిన పెద్దలంటే అభిషిక్త గురువులే (ఫాదర్లే) అని తేల్చింది.

1972లో ఆరవ పౌలు పోపు క్రమాన్ని మార్చారు. ఇప్పుడు నుదుటికి, చేతులకు పూస్తారు. పాత పద్ధతిలో పంచేంద్రియాలకూ విడివిడిగా ఉండేది. ఒలీవ నూనె దొరకకపోతే వేరే మొక్కల నూనె అయినా చెల్లుతుంది. ప్రాణం పోయే క్షణం కోసం ఆగనక్కర్లేదు, తీవ్రమైన జబ్బు, పెద్ద ఆపరేషన్, వార్ధక్యపు బలహీనత చాలు. కోలుకుని మళ్లీ జబ్బుపడినా, అదే జబ్బు ముదిరినా మళ్లీ ఇవ్వొచ్చు.

బెరయ_మార్గం
ఈ చరిత్ర వల్లే 16వ శతాబ్దపు ప్రొటెస్టంట్ సంస్కర్తలు నూనె మీద అనుమానపడ్డారు. కాల్విన్ 'ఇన్‌స్టిట్యూట్స్' నాలుగో గ్రంథం 19వ అధ్యాయంలో ఎకసెక్కం ఆడాడు: నూనె పట్టుకున్నవాళ్లు, యేసు గుడ్డివాణ్ని కడుక్కొమ్మన్న సిలోయము కోనేరు కూడా ఒకటి తవ్వించుకుని రోగులను ముంచరేం అని. ఆయన లెక్క ప్రకారం నూనె స్వస్థత వరానికి గుర్తు. వరం పోయాక గుర్తుతో పనేమిటి?

కానీ లూథర్ వేరు. 1520లో నూనె పూయడానికి సంస్కారం అనే మాటను కొట్టేసినవాడే, 1545లో సెవెరిన్ షుల్జ్ అనే పాస్టరుకు మనసు చెదిరిన ఒక మనిషి గురించి వరుసగా పద్ధతి రాసిచ్చాడు. సహాయకుణ్ని, ఇద్దరు ముగ్గురు మంచి మనుషులను వెంటబెట్టుకుని వెళ్లు. చేతులుంచి విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన చెప్పు. వచ్చేముందు మళ్లీ చేతులుంచు. ఇలా మూడు రోజులు వరుసగా చెయ్యి. ఈలోగా గుడిలో బహిరంగ ప్రార్థన చేయించు. నూనె లేదు, వేదిక లేదు, మైకు లేదు.

మేడగది
లూథర్ పద్ధతికి నేను ఆమేన్ అంటాను. మా సంఘాల్లో బలం ఎక్కడుందో, జబ్బు ఎక్కడుందో కూడా చెబుతాను.

పెంతెకొస్తు శాఖ అయిన అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ 1916 నాటి విశ్వాస ప్రకటనలోనే దైవిక స్వస్థత ఉంది, అది ప్రాయశ్చిత్తంలో, అంటే యేసు సిలువ మరణంలో, మనకు సమకూర్చబడిందని. ఆధారం యెషయా 53:4-5, మత్తయి 8:16-17. దీనికీ "విశ్వాసముంటే ఇప్పుడే, ఇక్కడే, తప్పకుండా" అనే బోధకూ మధ్య అగాధం ఉంది. ప్రాయశ్చిత్తంలో శరీర విమోచన కూడా ఉంది, దానికోసం మనం కనిపెట్టుకుని మూలుగుతున్నాం (రోమా 8:23). సిలువలో ఉన్నదంతా ఇవాళే చేతికి రావాలంటే ఎవరూ చావకూడదు మరి.

"నోటితో ఒప్పుకో, లక్షణాలను పట్టించుకోకు" అనే బోధ రోగి నెత్తిన రెండో బరువు పెడుతుంది. బాగుపడకపోతే తప్పు రోగిది. యాకోబులో విశ్వాససహితమైన ప్రార్థన చేసేది పెద్దలు. పడుకున్నవాడి విశ్వాసం కొలవమని ఆ వాక్యంలో ఎక్కడా లేదు. బాగుపడకపోతే తలదించుకోవలసింది పెద్దలేగానీ రోగి కాదు.

లూకా_శిష్యురాలు
మేడగది అన్న మాట పట్టుకుని మందుల దగ్గరికి వస్తాను. "లక్షణాలను పట్టించుకోకు" అన్నది "మాత్ర ఆపు"గా మారడానికి ఎంతో సేపు పట్టదు. ఒక్కో మందు ఆపితే ఒక్కోలా దెబ్బతీస్తుంది. పెద్దలు ఇది తెలుసుకోవాలి.

టైప్ 1 షుగరులో ఇన్సులిన్ ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో ఆమ్లం పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మందు హఠాత్తుగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లలో శరీరం సొంతంగా ఆ హార్మోను చేయడం తగ్గించేస్తుంది, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి కుప్పకూలవచ్చు. టి.బి. సంగతి మరీ మోసం. మామూలు కోర్సు ఆరు నెలలు. కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గి బరువు పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే "స్వస్థత" ప్రకటిస్తారు. మందు ఆపేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగని రకంగా తిరిగి రావచ్చు, ఇంట్లోవాళ్లకూ అంటుకోవచ్చు.

బాగైనట్టు అనిపిస్తే మందు వేసుకుంటూనే పరీక్ష చేయించండి. తగ్గించాలా వద్దా అన్నది రాసిచ్చిన డాక్టరే చెప్పాలి. నిజంగా నయమైతే పరీక్షలో అదీ కనబడుతుంది కదా.

మేడగది
సిస్టర్ చెప్పినదానికి చట్టం వైపు నుంచి ఒక ఉదాహరణ. 19వ శతాబ్దపు ఇంగ్లాండులో పెక్యూలియర్ పీపుల్ అనే శాఖవాళ్లు యాకోబు 5:14ను ఆధారం చేసుకుని పిల్లలకు డాక్టరును పిలిచేవారు కాదు. తల్లిదండ్రులు పిల్లలకు వైద్యం చేయించకపోవడం నేరమని 1868లో చట్టం వచ్చింది. 1899లో సీనియర్ అనే తండ్రి కేసులో, బిడ్డ న్యుమోనియాతో చనిపోతే, అతను మిగతా విషయాల్లో ప్రేమగల తండ్రే అయినా నరహత్య నేరం నిలిచింది. యాకోబు నూనె రాయమన్నాడు, వైద్యుణ్ని పంపేయమనలేదు.

నిత్యపాఠకుడు
సరే, ఆచరణకు వద్దాం. గురువుల వ్యవస్థ లేని సంఘంలో పెద్దలు రోగి దగ్గరికి వెళ్లి నూనె రాచి ప్రార్థన చేయాలి. ఏం చూసుకోవాలి?

బెరయ_మార్గం
రోగి పిలవాలి. వాక్యంలో మొదటి క్రియ అదే. బంధువులు పిలిచినా రోగిని అడిగే నూనె తియ్యాలి. ఒక్కరు వెళ్లకూడదు, పెద్దలు అని బహువచనం ఉంది. ఇద్దరు ముగ్గురు చాలు, పదిహేనుమంది మంచం చుట్టూ మూగితే రోగికి ఊపిరాడదు. 16వ వచనంలో ఒప్పుకోలు ఉంది కాబట్టి ఏమైనా చెప్పుకోవాలనుకుంటే మిగతావాళ్లు గది బయటికి వెళ్లాలి. నీ పాపం వల్లే ఈ జబ్బు అని తవ్వకూడదు, పుట్టు గుడ్డితనం ఎవరి పాపం వల్లా కాదని యేసు చెప్పిన యోహాను 9:3 ఉంది. యాకోబు కూడా "పాపములు చేసినవాడైతే" అని షరతుగానే అన్నాడు. ప్రార్థన క్లుప్తంగా ఉండాలి. "వచ్చే ఆదివారానికి నడుస్తావు" లాంటి హామీలు నోట రాకూడదు.

లూకా_శిష్యురాలు
నూనె గురించి ఎవరూ చెప్పని జాగ్రత్తలు కొన్ని.

రోగికి ఆక్సిజన్ పెట్టి ఉంటే ముక్కు, నోటి చుట్టుపక్కల నూనె వద్దు. ఆక్సిజన్ దగ్గర నూనెలు సులువుగా అంటుకుంటాయి. అరచేతి వెనక ఒక చుక్క రాయండి, ఆ గదిలో కొవ్వొత్తి అస్సలు వెలిగించవద్దు. సువాసన నూనెలు ఉబ్బసం ఉన్నవాళ్లకు, కీమో వల్ల వికారంతో ఉన్నవాళ్లకు పడవు. వాసన లేని ఒలీవ నూనె ఒకటి రెండు చుక్కలు చాలు. పుండు మీద, కుట్ల మీద, రేడియేషన్ ఇచ్చిన చర్మం మీద రాయకూడదు.

పదిమంది రోగులకు తిప్పిన సీసాలోనే వేలు ముంచడం మానుకోవాలి. చిన్న గిన్నెలోకి కొంచెం వంచుకుని, మిగిలింది పారబోయండి. ముందూ తర్వాతా చేతులు కడుక్కోండి. కీమోలో తెల్లకణాలు పడిపోయినవాళ్ల దగ్గరికి జలుబు ఉన్నవాళ్లెవరూ వెళ్లకూడదు, పెద్దవాళ్లయినా సరే. చేతులుంచేటప్పుడు తల మీద బరువు వేసి వెనక్కి నెట్టడం కొన్నిచోట్ల అలవాటు. వెన్నెముకకు క్యాన్సర్ పాకినవాళ్లకు, ఎముకలు గుల్లబారినవాళ్లకు ఆ పడిపోవడమే ఎముక విరగడం.

నిత్యపాఠకుడు
ఆఖరి ప్రశ్న మిగిలింది. స్వస్థత నిజమా కాదా అని తేల్చడం అవిశ్వాసం అనేవాళ్లకు ఏం చెప్పాలి?

ఏడు_దీపాలు
లేవీయకాండం 13, 14 చదవమనండి. అనుమానం ఉన్న మచ్చను యాజకుడు చూసి, ఏడు రోజులు విడిగా ఉంచి, మళ్లీ చూసి, అవసరమైతే ఇంకో ఏడు రోజులు. బాగైందంటే పాళెం బయటికి తానే వెళ్లి చూడాలి. ఆ తర్వాత కూడా ఆ మనిషి ఏడు రోజులు తన గుడారం బయటే ఉండి, ఎనిమిదో రోజు అర్పణ తేవాలి. యేసు తానే బాగుచేసిన కుష్ఠరోగిని వెళ్లి యాజకునికి కనబరచుకొమ్మన్నాడు (మార్కు 1:44). స్వస్థపరచినవాడే పరీక్షకు పంపాడు.

పాత_గంట
కతోలిక సంఘం వాడే కొలమానాలు 18వ శతాబ్దంలో లాంబెర్తీని రాసినవి. ఆయనే తర్వాత 14వ బెనెడిక్టు పోపు. జబ్బు తీవ్రమైనదై ఉండాలి. దానంతటదే తగ్గే దశలో ఉండకూడదు. మందు వాడి ఉండకూడదు, లేదా వాడినా పనిచేయలేదని తేలాలి. హఠాత్తుగా, పూర్తిగా తగ్గాలి, తిరిగి రాకూడదు. ఫ్రాన్సులోని మరియమాత పుణ్యక్షేత్రం లూర్దులో 1883 నుంచి వైద్య కార్యాలయం ఉంది. అక్కడ సుమారు 7,000 స్వస్థతలు నమోదైతే 2025 నాటికి అద్భుతాలుగా గుర్తించినవి 72 మాత్రమే. డాక్టర్లు "అద్భుతం" అనరు, ఇప్పటి వైద్యజ్ఞానంతో వివరించలేం అంటారు. అద్భుతమా అన్నది బాగైన వ్యక్తి సొంత పీఠపు మేత్రాణులు ప్రకటించాలి. 1923లో అక్కడ బాగైన జాన్ ట్రేనర్ విషయం 2024లో గానీ తేలలేదు!

స్వస్థత కూటాలకు కూడా 2000లో రోము నుంచి నియమాలు వచ్చాయి. ఆవేశపు కేకలు, నాటకీయత ఉండకూడదు, పూజాబలి (మాస్) మధ్యలో స్వస్థత ప్రార్థనలు చొప్పించకూడదు, ఎవరైనా బాగైతే సాక్ష్యాలను జాగ్రత్తగా సేకరించి అధికారులకు అప్పగించాలి.

మేడగది
నూరేళ్లు ఆగే ఓపిక మాకు లేదు గానీ పద్ధతి మంచిదే. మామూలు సంఘానికి ఏది సాధ్యం, సిస్టర్?

లూకా_శిష్యురాలు
ప్రార్థనకు ముందటి కాగితం ఉందా అన్నది మొదటి ప్రశ్న. బయాప్సీ, స్కాన్, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష), ఏదైనా తేదీతో. "డాక్టరు క్యాన్సర్ అనుమానం అన్నారు" అంటే నిర్ధారణ కాదు, అనుమానం తీరిపోవడం స్వస్థత కాదు. తర్వాత ఏయే చికిత్స, ఎప్పుడు. రేడియేషన్ అయిపోయాక కూడా వారాలు, నెలలపాటు గడ్డ కరుగుతూనే ఉంటుంది, ఆ మధ్యలో చేసిన ప్రార్థనకు దాన్ని అంటగట్టకూడదు. ముందు చేసిన పరీక్షే మళ్లీ చేయించాలి. ముందు సి.టి. స్కాన్, తర్వాత "నొప్పి లేదు" అంటే పోల్చడానికేమీ లేదు.

హెచ్చుతగ్గులుండే జబ్బుల్లో తొందర వద్దు. నడుం నొప్పి, పార్శ్వపు నొప్పి, ఉబ్బసం, కొన్ని రకాల మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల జబ్బు) వాటంతటవే తగ్గి మళ్లీ వస్తాయి. మనిషి ప్రార్థన కోరేది బాధ పరాకాష్ఠలో ఉన్నప్పుడు, ఆ తర్వాత ఎలాగూ కొంత తగ్గుతుంది. కిడ్నీ క్యాన్సర్, మెలనోమా కూడా చాలా అరుదుగా చికిత్స లేకుండానే వెనక్కి తగ్గిన సందర్భాలు వైద్యంలో నమోదయ్యాయి. పొట్టి కాలు పొడవైందని వేదిక మీద చూపించేది దాదాపు ఎప్పుడూ తుంటిని కొద్దిగా తిప్పడమో, చెప్పును మడమ నుంచి జరపడమో. ఎక్స్‌రేలో ఎముక కొలిచి చూపించమనండి.

నిత్యపాఠకుడు
ప్రార్థన మీద పెద్ద శాస్త్రీయ అధ్యయనం జరిగిందంటారు, దాంతో తేలిపోలేదా?

లూకా_శిష్యురాలు
2006లో వచ్చింది, గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మందితో. తమకోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియనివాళ్లలో, ప్రార్థన జరిగిన గుంపుకు 52 శాతం, జరగని గుంపుకు 51 శాతం చిక్కులు వచ్చాయి. ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసినవాళ్లకు 59 శాతం. అయితే దూరంగా ఉన్న అపరిచితులు రోగి ముక్కుమొహం తెలియకుండా జాబితా చూసి చేసిన ప్రార్థన అది. యాకోబు చెప్పిన పద్ధతిని అది పరీక్షించలేదు.

బెరయ_మార్గం
పరీక్షించకూడదు కూడా, దేవుణ్ని శోధించవద్దనే ద్వితీయోపదేశకాండము 6:16 ఉంది. ఒక వ్యక్తి బాగయ్యాడా అని చూడడం వేరు, దేవుణ్ని రెండు గుంపులుగా విడగొట్టి లెక్కకట్టడం వేరు.

మేడగది
ఇందులో నాకూ మీకూ తేడా లేదు బ్రదర్. వరం ఉందా లేదా అన్న దగ్గర మాత్రం నేను కదలను. మూడో శతాబ్దానిదని చాలామంది ఎంచే 'అపొస్తలుల సంప్రదాయం' అనే సంఘ నియమాల పుస్తకంలో ఒక నియమం ఉంది: స్వస్థత వరం నాకు ప్రత్యక్షమైందని ఎవరైనా అంటే అతని మీద చేతులుంచవద్దు (పదవికి నియమించవద్దు), నిజమో కాదో జరిగే పనులే చూపిస్తాయి. వరం లేదని ఆ సంఘం అనలేదు. ముందే పదవి కట్టబెట్టనూ లేదు.

బెరయ_మార్గం
ఆ నియమం ఇవాళ అమలైతే నాకు అభ్యంతరం లేదు. "స్వస్థత సేవకుడు" అని ముందే పోస్టర్ వేయడం ఆగుతుంది.

నిత్యపాఠకుడు
ఒక చిన్న సందేహం. కాగితాలన్నీ సరిపోయి సంఘంలో సాక్ష్యం చెప్పించాక జబ్బు తిరగబెడితే?

లూకా_శిష్యురాలు
సాక్ష్యం చెప్పిన వేదిక మీదనే, అంతే గట్టిగా ఆ మాటా చెప్పాలి. వీడియో పెట్టి ఉంటే తీసేయాలి. అది చూసి ఇంకో రోగి మందు ఆపుతాడు. అందుకే మొదట్లోనే "క్యాన్సర్ పోయింది" అని కాకుండా "ఫలానా తేదీ స్కాన్‌లో గడ్డ కనబడలేదు, చికిత్స కొనసాగుతోంది" అని చెప్పించండి. రోగి అనుమతి రాతలో తీసుకోండి, రిపోర్టులు తెర మీద చూపించవద్దు.